డాబా మీద సోలార్: నమ్మకాలు ఒకటి, జరిగేది ఒకటి

డాబాల మీద ప్యానెల్స్ బిగించడం నా పని. కొలతలకు వెళ్లిన ప్రతి ఇంట్లో దాదాపు ఇవే మాటలు వింటుంటాను, డబ్బు కట్టకముందే వీటికి జవాబులు తెలిసుండాలి.

అపోహ: కరెంటు పోయినా మనింట్లో ఫ్యాన్లు తిరుగుతాయి.

తిరగవు. ఎక్కువ ఇళ్లలో పెట్టేది ఆన్-గ్రిడ్ సిస్టమ్, అంటే బ్యాటరీ లేకుండా కరెంటు లైన్‌కి (గ్రిడ్‌కి) కలిపి నడిచేది. లైన్‌లో కరెంటు పోగానే దాని ఇన్వర్టర్, అంటే ప్యానెల్ కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చే పెట్టె, కూడా తనంతట తానే ఆగిపోతుంది. అలా ఆగకపోతే, స్తంభమెక్కి పని చేస్తున్న లైన్‌మన్‌కి మన డాబా మీది కరెంటు వెనక్కి వెళ్లి తగులుతుంది, మనిషి ప్రాణం పోతుంది. కోతలు ఎక్కువుండే ఊరైతే బ్యాటరీతో వచ్చే హైబ్రిడ్ అడగండి, ఖర్చు పెరుగుతుంది. ఇంట్లో ఇప్పటికే కరెంటు పోతే బ్యాటరీతో నడిచే మామూలు ఇన్వర్టర్ ఉంటే మాత్రం దాన్ని తీసేయకండి.

అపోహ: మిగిలిన కరెంటు గ్రిడ్‌కి పోయి ఎక్కడో కలిసిపోతుంది.

ఎక్కడికో పోదండీ, ముందు పక్కింటికే వెళ్తుంది. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆ సమయానికి ఎవరు మోటారు వేసినా, ఏసీ వేసినా మీ యూనిట్లు అక్కడే ఖర్చవుతాయి. విశాఖ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రంలో బొగ్గు మండించినా, కర్నూలు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కులో తయారు చేసినా ఆ కరెంటు మన వీధికి చేరాలంటే పెద్ద లైన్లు, సబ్‌స్టేషన్లు దాటాలి, దారిలో కొంత వేడిగా పోతుంది. వాడే చోటే తయారైతే ఆ నష్టం చాలావరకు ఉండదు. నాకు ఈ పని మీద ఇష్టం ఉన్నది అందుకే.

అపోహ: ఎంత పెద్దది పెడితే అంత లాభం.

పోయిన పన్నెండు నెలల బిల్లులు ముందేసుకోండి. ఒక కిలోవాట్‌కి రోజుకి సుమారు 4 యూనిట్లు వస్తాయి, సుమారు 100 చదరపు అడుగులు కావాలి. నెట్ మీటరింగ్‌లో పగలు పంపినవి రాత్రి వాడినవాటికి చెల్లవుతాయి, కానీ ఇంకా మిగిలినవాటికి ఇచ్చే రేటు మామూలుగా మనం కట్టే రేటుకంటే తక్కువే. డాబా సోలార్‌కి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ కూడా 3 కిలోవాట్ల దగ్గర 78,000 రూపాయలతో ఆగిపోతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీలు ఎలాగూ ఉంటాయి, బిల్లు సున్నా అని చెప్పేవాళ్లను నమ్మొద్దు.

అపోహ: ఎండ మండేకొద్దీ కరెంటు ఎక్కువ.

ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. దాని మీద రాసే వాట్లు లోపలి సెల్ (వెలుతురును కరెంటుగా మార్చే పలక) 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క, ఆ పైన ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. రామగుండం మే నెల మధ్యాహ్నం సెల్ 65 డిగ్రీలకు చేరితే 12 నుంచి 16 శాతం పోయినట్టే. డాబాకి ఆనించి బిగించొద్దు, కింద గాలి ఆడాలి.

అపోహ: కొంచెం నీడే కదా, ఏమవుతుంది?

చాలా అవుతుంది. ప్యానెల్స్ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒకదాని మీద నీడ పడితే ఆ వరుస దిగుబడే తగ్గుతుంది, నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటును పక్కనుంచి పంపే బైపాస్ డయోడ్లు కాపాడేది కొంతే. మన దగ్గర వాస్తు ప్రకారం నీళ్ల ట్యాంకు నైరుతిలో కడతారు, మధ్యాహ్నం దాటాక దాని నీడ డాబా మీదికే పడుతుంది, చలికాలంలో మరీ పొడుగ్గా. బిగించే వాళ్లు డిసెంబరు నీడ లెక్క చూశారా లేదా అడగండి.

ఇక కడగడానికి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మెత్తటి గుడ్డ, నీళ్లు చాలు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ప్యానెల్ మీద ఆరనివ్వకండి, తెల్లమచ్చలు కట్టి తర్వాత రుద్దినా పోవు.