మెట్ల మీద వేలం, లోపల విచారణ

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య దీవెనలు.

మ్యూజియం అనగానే మీకు కత్తులు, నాణేలు గుర్తొస్తాయి. ఇక్కడ అమెరికాలో, సెయింట్ లూయిస్ ఊళ్లో నేను చూసినది పాత కోర్టు భవనం. మిసిసిపి నది ఒడ్డున ఉన్న పెద్ద ఆర్చికి ఎదురుగా, ఇనుప గుమ్మటంతో ఉంటుంది. 1839లో మొదలుపెడితే పూర్తయ్యేసరికి 1860లు వచ్చాయి. 1930లో కోర్టులు వేరే భవనానికి మారాయి. ఇప్పుడు లోపలంతా ఆ ఊరి చరిత్రే. మరమ్మతుల తరవాత 2025లో మళ్లీ తెరిచారు.

బెంచి క్లర్కుగా పనిచేసినవాణ్ణి కదా, నాకు గుమ్మటం కంటే డ్రెడ్ స్కాట్ కేసు మీదే ధ్యాస.

స్కాట్ బానిస. అంటే జీతం లేని నౌకరు అనుకునేరు, చట్టం ప్రకారం ఆయన యజమాని ఆస్తి. ఆ యజమాని సైన్యంలో డాక్టరు. ఆయన వెంట స్కాట్ బానిసత్వం నిషేధించిన ప్రాంతాల్లో ఏళ్ల తరబడి ఉన్నాడు. అలా ఉన్నవాళ్లు తిరిగొచ్చినా స్వతంత్రులేనని ఇక్కడి కోర్టులు అప్పటికే చాలాసార్లు తీర్పిచ్చాయి. డాక్టరు పోయాక, 1846లో స్కాట్, ఆయన భార్య హారియెట్ డాక్టరు భార్య మీద చెరో దావా వేశారు. స్కాట్‌కి రాయడం రాదు, అర్జీ కింద సంతకానికి బదులు నిశానీయే.

1847లో విచారణ జరిగింది. గెలవాల్సిన కేసు, ఓడిపోయారు! ఎందుకో చూడండి. స్కాట్ దంపతులను ఆ యజమానురాలి దగ్గర అద్దెకు తీసుకున్నానని ఒక కిరాణా వ్యాపారి సాక్ష్యం చెప్పాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మాత్రం, మాట్లాడుకున్నది తన భార్య అనీ, తాను డబ్బు కట్టానంతే అనీ ఒప్పుకున్నాడు. అంటే అది చెప్పుడు మాట, సాక్ష్యంగా చెల్లదు. ఆమె బానిసలని రుజువు కాలేదు కాబట్టి ఆమెకే బానిసలుగా ఉండిపోవాలన్నమాట! నా సర్వీసులో సాంకేతిక కారణాలతో పోయిన కేసులు చాలానే చూశాను గానీ ఇలాంటిది చూడలేదు.

1850లో మళ్లీ విచారణ. ఈసారి వ్యాపారి భార్య వాంగ్మూలం ఉంది, జ్యూరీ విడుదల చేసింది. 1852లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఆ తరవాత ఫెడరల్ (అంటే కేంద్ర) కోర్టులో వేసిన దావా దేశపు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నల్లజాతివాళ్లు పౌరులే కారు, దావా వేసే హక్కే లేదని 1857లో 7-2 తేడాతో తీర్పు. ఇంకో నాలుగేళ్లకు అంతర్యుద్ధం వచ్చిపడింది. స్కాట్ కుటుంబానికి మాత్రం తీర్పు వచ్చిన కొద్ది నెలలకే కొత్త యజమాని విముక్తి ఇచ్చాడు, ఆ పత్రాలూ ఈ కోర్టులోనే దాఖలయ్యాయి. స్కాట్ ఏడాదిన్నర కూడా బతకలేదు, క్షయతో పోయాడు.

ఇదే భవనం మెట్ల మీద, చనిపోయినవాళ్ల ఆస్తి పంపకాల్లో మనుషుల్ని వేలం వేసేవారు. కోర్టు వేలం అంటే మనకు తెలిసింది పొలం, ఇల్లు.

ఆ విచారణలు జరిగిన గది ఇప్పుడు లేదు, తరవాతి మార్పుల్లో పోయింది. కాగితాలు ఉన్నాయి. విడుదల కోరుతూ బానిసలు ఈ ఊరి కోర్టులో వేసిన దావాలు 300కు పైగా దొరికాయి. వాటిని స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు. పాత ఇంగ్లిష్ చేతిరాత చదివే ఓపిక ఉంటే స్కాట్ అర్జీ వెతకండి. 1846 ఏప్రిల్ 6 తేదీతో ఉంటుంది.

ఇట్లు,
మీ తాతయ్య