చదువు పేరు చెప్పి ఓడెక్కించిన పిల్లలు

ఫోస్టర్ కేర్‌లో, అంటే దత్తత కాకుండా కొంతకాలం వేరే కుటుంబం పెంపకంలో, ఉన్న బిడ్డను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపడం ఇప్పుడు మాటలు కాదు. రెండు దేశాల అధికారుల మధ్య ఉత్తరాలు నడవాలి, అవతలి దేశం ముందే ఒప్పుకోవాలి. ఇంత తతంగం దేనికని విసుక్కునేవాళ్లు ఉన్నారు. ఈ తతంగమేదీ లేని రోజులు కూడా ఉండేవి. అప్పట్లో పిల్లల్ని పంపినవాళ్లలో చాలామంది మంచి చేస్తున్నామనే నమ్మారు. మంచి గాలి, కడుపునిండా తిండి, చదువు... చెప్పిన కారణాలన్నీ ఇలాంటివే.

ఈ వ్యవహారం పెద్దఎత్తున నడిచింది బ్రిటన్‌లో. 1869లో మరియా రై అనే ఆవిడ పేద పిల్లల్ని కెనడా తీసుకెళ్లడం మొదలుపెట్టింది. ఆ వెనకే ఆనీ మాక్‌ఫర్సన్ అనే ఇంకో ఆవిడ, పేద పిల్లల్ని చేరదీసే బర్నార్డో సంస్థ అదే బాట పట్టారు. మొత్తం మీద దాదాపు లక్ష మంది పిల్లలు అలా కెనడా చేరారు. అనాథలని ప్రచారం చేశారు కానీ, చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. అక్కడ వాళ్లను రైతుల ఇళ్లలో పెట్టేవారు. బడికి పంపాలన్న షరతు ఒప్పంద పత్రాల్లో ఉండేది. కోతల కాలంలో ఆ కాగితం ఎవరికి గుర్తుంటుంది? 1875లో ఆండ్రూ డోయల్ అనే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ కెనడా చూసొచ్చి, అక్కడ పెట్టిన పిల్లల్ని ఆ తర్వాత పలకరించే నాథుడు లేడని నివేదిక రాశాడు. కొన్నేళ్లు ప్రయాణాలు తగ్గాయి, తర్వాత మళ్లీ మామూలే. 1924లో మార్గరెట్ బాండ్‌ఫీల్డ్ నాయకత్వంలో వెళ్లిన బృందం మాత్రం సూటిగా చెప్పింది: బడి వయసు దాటని పిల్లల్ని పంపొద్దు. ఆ మరుసటి ఏడాదే, తల్లిదండ్రులు వెంట లేని 14 ఏళ్లలోపు పిల్లల్ని రానివ్వబోమని కెనడా అంది.

ఆస్ట్రేలియా ఆ మాట అనలేదు. కింగ్స్‌లీ ఫెయిర్‌బ్రిడ్జ్ 1912లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని పింజారాలో 'ఫార్మ్ స్కూల్' పెట్టాడు. పేరులో స్కూల్ ఉన్నా, మగపిల్లల్ని పాలేర్లుగా, ఆడపిల్లల్ని ఇంటిపనికి తయారుచేయడమే అసలు పాఠం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కూడా, 1960ల చివరిదాకా ఈ ఓడలు ఆగలేదు. మీ అమ్మానాన్నా చనిపోయారని పిల్లలకు చెప్పారు. మీ బిడ్డను మంచి కుటుంబం దత్తత తీసుకుందని తల్లులకు చెప్పారు. 1980ల చివర్లో నాటింగ్‌హామ్‌లో సోషల్ వర్కర్‌గా ఉన్న మార్గరెట్ హంఫ్రీస్ తీగ లాగాక గానీ డొంక కదలలేదు. ఆస్ట్రేలియా ప్రధాని కెవిన్ రడ్ 2009 నవంబరులో, బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ 2010 ఫిబ్రవరిలో క్షమాపణ చెప్పారు. 2018లో విచారణ సంఘం నివేదిక వచ్చాక బ్రిటన్ ప్రభుత్వం, బతికున్న ఒక్కొక్కరికి 20,000 పౌండ్లు ఇచ్చేందుకు ఒప్పుకుంది.

యుద్ధకాలంలో పిల్లల్ని పంపడాన్ని ఈ గాటనే కట్టేయలేం. 1938-39లో నాజీల చేతిలోంచి తప్పించి సుమారు 10,000 మంది పిల్లల్ని బ్రిటన్ తీసుకుంది. ఆ ప్రయాణమే వాళ్ల ప్రాణం నిలబెట్టింది. ఫిన్లండ్ తన పిల్లల్లో దాదాపు 70,000 మందిని మెడలో పేరు చీటీ కట్టి ఎక్కువగా స్వీడన్ పంపింది. తిరిగొచ్చినవాళ్లలో చాలామంది ఫిన్నిష్ మర్చిపోయారు, మళ్లీ బడిలో మొదటినుంచీ కుస్తీ.

నన్ను బాగా కలచివేసేది మాత్రం గ్రీన్లండ్ సంగతి. అక్కడ ఏ యుద్ధమూ లేదు. అప్పట్లో గ్రీన్లండ్ డెన్మార్క్ పాలనలో ఉండేది. 1951లో డెన్మార్క్ అధికారులు అక్కడి మూలవాసులైన ఇన్యుయిట్ పిల్లల్లో 22 మందిని ఏరి, ఓడెక్కించి డెన్మార్క్ తీసుకెళ్లారు. డేనిష్ నేర్చుకుని, తిరిగొచ్చి, గ్రీన్లండ్‌ను ముందుకు నడిపించే తరంగా ఎదుగుతారని లెక్క వేశారు. అనాథలనే ఎంచుకోవాలని మొదట అనుకున్నారు, అదీ జరగలేదు. ఏడాదికి పైగా డేనిష్ కుటుంబాల్లో పెరిగాక 16 మంది తిరిగొచ్చారు, ఆరుగురిని అక్కడే దత్తత ఇచ్చేశారు. ఓడ దిగిన ఒక పాప రేవులో తల్లిని చూసి పరుగెత్తి గడగడా కబుర్లు చెప్పింది. తల్లి ఏదో జవాబిచ్చింది. ఆ పాపకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ పిల్లల్ని ఇళ్లకూ పంపలేదు; గ్రీన్లండ్ రాజధాని నూక్‌లో రెడ్‌క్రాస్ కట్టించిన అనాథాశ్రమంలో, డేనిష్ మాట్లాడే సిబ్బంది చేతిలో పెట్టారు. ప్రధాని మెట్టె ఫ్రెడరిక్సన్ క్షమాపణ 2020 డిసెంబరులో వచ్చింది. అప్పటికి ఆ 22 మందిలో మిగిలింది ఆరుగురే. 2022లో వాళ్లకు తలా 250,000 క్రోనర్ల పరిహారం దక్కింది.

ఇప్పటి నిబంధనల్ని ఈ చరిత్రతో కలిపి చదివితే ఒక్కో వాక్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిపోతుంది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం, కుటుంబానికి దూరమైన బిడ్డను ఎక్కడ పెట్టినా భాష, మతం, సంస్కృతి చూడాలంటుంది. పిల్లల రక్షణ కోసం దేశాలు చేసుకున్న 1996 హేగ్ ఒప్పందం 33వ అధికరణం, బిడ్డ గురించిన నివేదిక, పంపడానికి కారణాలు ముందే అవతలి దేశానికి ఇచ్చి ఒప్పుకోలు తీసుకోమంటుంది. ఐర్లండ్ బిడ్డను ఇంగ్లండ్‌లోని సంస్థలో పెట్టిన కేసులో 2012లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం కూడా, ఆ ఒప్పుకోలు ముందే రావాలి తప్ప పంపేశాక కాదని తేల్చింది.

ఇవన్నీ పెద్దలు పంపే పిల్లల కోసం రాసుకున్న రూల్స్. ఇప్పుడు ఎవరూ పంపకుండానే, ఒంటరిగా సరిహద్దు దాటి వస్తున్న పిల్లలు ఎక్కువ. బ్రిటన్‌లో అలాంటి కుర్రాడి శరణార్థి దరఖాస్తును కాదన్నా, సొంత దేశంలో చూసుకునేవాళ్లు లేకపోతే తాత్కాలిక అనుమతి ఇస్తారు: 30 నెలలు, లేదా పదిహేడున్నర ఏళ్లు నిండేదాకా, ఏది ముందైతే అది. పదిహేనేళ్లకు వచ్చినవాడు ఇంగ్లిష్ పట్టుబడి, మన ఇంటర్ లాంటి ఏ-లెవెల్ చదువులో ఉండగానే ఆ గడువు వచ్చి పడుతుంది. పరీక్షల టెన్షన్, వీసా టెన్షన్ రెండూ ఒకేసారి. ఇంగ్లండ్‌లోనే 2014 నాటి ఇంకో చట్టం, అలాంటి కుర్రాడు ఫోస్టర్ కుటుంబంలో ఉంటే, ఇష్టమైతే 21 ఏళ్లదాకా ఆ కుటుంబంతోనే ఉండొచ్చంటుంది. ఇంట్లో ఉండమని ఒక చట్టం అంటుంటే, దేశంలో ఉండాలంటే మళ్లీ దరఖాస్తు పెట్టుకోమని ఇంకో చట్టం అంటోంది.