మొజాయిక్ ఎంబ్రియో అంటే ఖరాబైనట్టేనా?

పోయిన వారం పరకాల నుంచి ఒక జంట వచ్చారు. ప్లాస్టిక్ కవర్లోంచి ఐవీఎఫ్ ఎంబ్రియో (పిండం) రిపోర్ట్ తీశారు, అందులో 'మొజాయిక్' అని రాసి ఉంది. ఎన్నిసార్లు విప్పి చూసుకున్నారో, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. "మేడం, ఉన్న ఒక్క ఎంబ్రియో ఖరాబైందట కదా, పారేద్దామా?" అని అడిగిందామె. హనుమకొండలో ఎంబ్రియాలజిస్టుగా, అంటే ల్యాబులో ఎంబ్రియోలను చూసుకునే మనిషిగా, ఈ ప్రశ్న వింటూనే ఉంటాను.

అపోహ: మొజాయిక్ అంటే పాడైన ఎంబ్రియో.

వాస్తవం: ఐదారు రోజుల ఎంబ్రియోలో వందకు పైగా కణాలుంటాయి. సన్నని గాజు గొట్టంతో దాన్ని కదలకుండా పట్టి, క్రోమోజోముల పరీక్ష కోసం లేజర్ సాయంతో ఐదు నుంచి పది కణాలు మాత్రమే తీస్తాం. అవి కూడా తర్వాత మాయగా (ప్లాసెంటా) మారే పై పొర నుంచి. బిడ్డగా ఎదిగే లోపలి కణాల జోలికి పోము. తీసినవాటిలో కొన్ని కణాల్లో క్రోమోజోముల లెక్క సరిగా ఉండి, కొన్నిట్లో తప్పినట్టు కనిపిస్తే మొజాయిక్ అని రాస్తారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చెప్పొచ్చు, ఎంబ్రియో సంగతి అలా చెప్పలేం.

అపోహ: దీనితో మంచి బిడ్డ పుట్టదు.

వాస్తవం: 2015లో ఇటలీ వైద్యులు 18 మందికి ఇలాంటి ఎంబ్రియోలు ట్రాన్స్‌ఫర్ చేస్తే ఆరుగురు ఆరోగ్యమైన పిల్లలు పుట్టారు. ఆ తర్వాత చాలా దేశాల్లో పుట్టారు. అయితే తేడా ఉన్న కణాల శాతం ఎక్కువున్నవి నిలిచే అవకాశం తక్కువ, అబార్షన్ భయం ఎక్కువ. అందుకే నార్మల్ ఎంబ్రియో ఉంటే ముందు దాన్నే పెడతాం.

అపోహ: తప్పంతా ఆడమనిషి వయసుదే.

వాస్తవం: వయసుతో అండంలో వచ్చే లోపం సాధారణంగా ఎంబ్రియో అంతటా ఉంటుంది. మొజాయిక్ తేడా ఎక్కువగా ఫలదీకరణ తర్వాత కణాలు విడిపోయేటప్పుడు వస్తుంది. ఈ మాట అత్తగారు పక్కన కూర్చున్నప్పుడే, గట్టిగా చెబుతాను.

అపోహ: గర్భం నిలిస్తే, బిడ్డ క్రోమోజోముల సంగతి తెలియడానికి తల్లి రక్తపరీక్ష చాలు.

వాస్తవం: ఆ రక్తపరీక్షలో బిడ్డదని లెక్కించేది నిజానికి మాయ నుంచి వచ్చే డీఎన్ఏ. బిడ్డ సంగతి తేల్చడానికి 15 వారాలు దాటాక ఉమ్మనీటి పరీక్ష మేలు.

పరకాల దంపతులకు రెండే ప్రశ్నలు రాసిచ్చాను: తేడా ఏ క్రోమోజోములో, ఎంత శాతం? అవి పట్టుకుని జెనెటిక్ కౌన్సెలర్ (జన్యు పరీక్షల సంగతులు విడమరిచి చెప్పే నిపుణులు) దగ్గరికి వెళ్తామన్నారు. ఎంబ్రియో మాత్రం ఫ్రీజర్ ట్యాంకులో భద్రంగానే ఉంది.