ఆ 28 సెకన్ల వెనక 50 ఏళ్లు

మా మేనల్లుడు విజయనగరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఆదివారం ఫార్ములా వన్ రేసు ఉందంటే ఇంక వాడి చేతిలోంచి ఫోను తీయడం ఎవరి తరమూ కాదు. మొన్న మూడు లాంతర్ల దగ్గర టీ తాగుతూ, "మావయ్యా, ఆ హేలో పెట్టాక రేసు చప్పబడిపోయింది. కారు మీద హవాయి చెప్పు పట్టీ వేసినట్టుంది" అన్నాడు. హేలో అంటే ఫార్ములా వన్ కార్లో డ్రైవరు తల చుట్టూ ఉండే టైటానియం కమ్మీ. అది నచ్చనిది వాడొక్కడికే కాదులెండి, 2018లో దాన్ని తప్పనిసరి చేసినప్పుడు మెర్సిడెస్ టీమ్ పెద్ద టోటో వోల్ఫ్ కూడా రంపం ఇస్తే కోసి పారేస్తానన్నాడు. 1976లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో మంటల్లో మొహం కాలిపోయి, ఆరు వారాలకే మళ్ళీ కారెక్కిన డ్రైవరు నికీ లౌడాకి సైతం అది నచ్చలేదు. అందుకే మా మేనల్లుణ్ణి కసురుకోలేదు. కానీ ఆ కమ్మీ ఎందుకొచ్చిందో, దానికంటే ముందు ఏమేం వచ్చాయో తెలియకుండా ఆ మాట అనకూడదనిపించి ఇదంతా రాస్తున్నాను.

2020 నవంబరు 29, కార్తీక పౌర్ణమికి ముందు రోజు సాయంత్రం. ఇంట్లో వాళ్ళు రేపటికి వత్తులు చేసుకుంటున్నారు, నేను బహ్రెయిన్ రేసు చూస్తున్నాను. మొదటి ల్యాప్, అంటే మొదటి చుట్టు, కూడా పూర్తవలేదు, రొమెయిన్ గ్రోజాన్ అనే డ్రైవరు కారు ఇంకో కారుకి తగిలి పక్కకి తిరిగి, గంటకి 192 కిలోమీటర్ల వేగంతో ఇనుప రైలింగుని గుద్దింది. రైలింగు చీలింది, కారు రెండు ముక్కలైంది, ముందు ముక్క రైలింగులో ఇరుక్కుని భగ్గుమంది. ఇంక ఆ మనిషి లేడనే అనుకున్నాను. దాదాపు 28 సెకన్లకి మంటల్లోంచి ఒక మనిషి బయటికొచ్చాడు, ఒక కాలికి బూటు లేదు. ఇరుక్కున్న కాలుని లాక్కునేటప్పుడు బూటు కార్లోనే ఉండిపోయింది. చేతులు కాలాయి, అంతే.

తలకి తగలాల్సిన రైలింగుని ఆపింది హేలోనే. ఏడు కిలోల బరువుండే ఆ కమ్మీ 12 టన్నుల భారం తట్టుకుంటుంది. మన వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారు గుండె మీద ఏనుగుని ఎక్కించుకునేవారని మన జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు కదా, అలాంటి ఏనుగులు మూడు ఎక్కినా హేలో వంగదన్నమాట. ఒకప్పుడు గ్రోజాన్ కూడా దీన్ని వద్దన్నవాడే, ఆస్పత్రి మంచం మీంచి ఆ మాట తనే ఒప్పుకున్నాడు.

అయితే ఆ రాత్రి అతన్ని కాపాడింది హేలో ఒక్కటే కాదు. అసలు కథ 1966 జూన్‌లో బెల్జియంలోని స్పా దగ్గర మొదలైందని నాకనిపిస్తుంది. మొదటి ల్యాపులోనే వాన పడింది. జాకీ స్టీవార్ట్ అనే డ్రైవరు కారు రోడ్డు దిగి, దేన్నో గుద్దుకుని, ఒక రైతు ఇంటి పక్కన ఆగింది. స్టీరింగ్ కాలు మీదకి నొక్కుకుపోయింది, టాంకు పగిలి పెట్రోలు ఒంటి మీదకి కారుతోంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అక్కడ ఒక మార్షల్ (ప్రమాదమైతే సాయానికి ట్రాక్ పక్కన నిలబడే మనిషి) లేడు, ఒక డాక్టరు లేడు. వాళ్ళ కార్లూ అక్కడే రోడ్డు దిగడంతో గ్రహమ్ హిల్, బాబ్ బాండురాంట్ అనే ఇద్దరు తోటి డ్రైవర్లు పరిగెత్తుకొచ్చారు. స్టీరింగ్ ఊడదీయాలంటే పానా కావాలి, అది వాళ్ళ దగ్గర లేదు. చివరికి రేసు చూడ్డానికొచ్చిన ఒకాయన దగ్గర పానా అడిగి తెచ్చి విప్పారు. 25 నిమిషాలు పట్టింది. తర్వాత ఎక్కించిన అంబులెన్సు కూడా ఆస్పత్రికి వెళుతూ దారి తప్పింది. అప్పటినుంచి స్టీవార్ట్ తన కారు స్టీరింగ్ దగ్గర ఒక పానా టేపుతో అంటించుకుని తిరిగేవాడు. ప్రపంచ చాంపియన్ కాబోయే మనిషి తన ప్రాణానికి పూచీగా పెట్టుకున్నది ఒక పానా!

తర్వాత ఆయన రోడ్ల పక్కన రైలింగులు కావాలని, డాక్టర్లు కావాలని, సీటు బెల్టు కావాలని పోరాడితే, "పిరికివాడు" అన్నవాళ్ళు తక్కువేం కాదు. ఇప్పుడు మా వాడు హేలోని అంటున్న మాటకీ అప్పటి ఆ మాటకీ నాకు పెద్ద తేడా కనిపించదు. 1973లో నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో రోజర్ విలియమ్సన్ కారు తిరగబడి అంటుకుంది. డేవిడ్ పర్లీ తన కారు ఆపేసి, రోడ్డుకి అడ్డంగా పరిగెత్తి, ఒక్కడే ఆ కారుని ఎత్తడానికి తంటాలు పడ్డాడు. మార్షళ్ళకి నిప్పుని తట్టుకునే బట్టలు లేవు, దగ్గరికి రాలేకపోయారు. ఎదురుగా మిగతా కార్లు రేసు చేస్తూనే ఉన్నాయి, ఎందుకంటే అక్కడ నిలబడి ఉన్న పర్లీయే కాలుతున్న కారు డ్రైవరని, బయటపడ్డాడని అనుకున్నారు. విలియమ్సన్ బతకలేదు. అందుకే మార్షళ్ళు నిప్పుకి ఆగే సూట్లు వేసుకుని నిలబడటం చూస్తే నాకు మామూలుగా అనిపించదు.

1978లో ఇటలీలోని మోంజాలో జరిగిన సంగతి ఇంకా బాధాకరం. స్టార్టులోనే గుద్దుకుని రోనీ పీటర్సన్ కాళ్ళు నుజ్జయ్యాయి. తోటి డ్రైవరు జేమ్స్ హంట్ వాళ్ళు మంటల్లోంచి బయటికి లాగారు గానీ అంబులెన్సు రావడానికి చాలాసేపు పట్టింది, మర్నాడు ఆయన చనిపోయాడు. ఆ ఏడే ఫార్ములా వన్ డాక్టరుగా చేరిన సిడ్ వాట్కిన్స్, లండన్‌లో మెదడు ఆపరేషన్లు చేసే సర్జన్, ఇకనుంచి మొదటి ల్యాపులో మెడికల్ కారు రేసు కార్ల వెనకాలే రావాల్సిందేనని పట్టుబట్టాడు. గ్రోజాన్ మంటల్లోంచి రైలింగు ఎక్కేసరికి డాక్టరు అక్కడ నిలబడి ఉన్నాడంటే అది పీటర్సన్ చావు వల్ల వచ్చిన ఏర్పాటే.

కారు రెండుగా విరిగినా డ్రైవరు కూర్చున్న గూడు చెదరలేదు, అది కార్బన్ ఫైబరుది. 1981లో మెక్‌లారెన్ టీమ్ అలాంటి కారు తెస్తే, గట్టిగా గుద్దితే పొడి అయిపోతుందని చాలామంది నవ్వారు. అదే ఏడు మోంజాలో జాన్ వాట్సన్ కారు విరిగి ఇంజిను ఊడిపోయినా, ఆయన మాత్రం నడుచుకుంటూ వెళ్ళాడు. మెడ, పుర్రె అడుగు భాగం విరక్కుండా హెల్మెట్‌ని భుజాలకి కట్టి ఉంచే హాన్స్ పరికరం 2003లో తప్పనిసరైంది. 1994 ఏప్రిల్ 30న ఇటలీలోని ఇమోలాలో ఆస్ట్రియా డ్రైవరు రోలాండ్ రాట్జెన్‌బర్గర్ పోయింది పుర్రె అడుగు భాగం విరిగే. మర్నాడు అదే ట్రాక్ మీద ప్రపంచ చాంపియన్ అయిర్టన్ సెనా పోవడంతో లోకమంతా సెనానే తలుచుకుంటుంది, రాట్జెన్‌బర్గర్‌ని మర్చిపోతుంది. సెనా మర్చిపోలేదు, గెలిస్తే అతనికోసం ఎగరేద్దామని ఆస్ట్రియా జెండా ఒకటి కార్లో పెట్టుకున్నాడు.

ఇన్ని వచ్చినా తల మాత్రం బయటే ఉండిపోయింది. 2009లో ఫార్ములా వన్‌కి కింది మెట్టు పోటీ అయిన ఫార్ములా టూలో హెన్రీ సర్టీస్ అనే 18 ఏళ్ళ కుర్రాడి తలకి ఊడిన చక్రం తగిలింది. వారం తిరక్కుండానే హంగరీలో ఫెలిపె మాసా హెల్మెట్‌కి ముందు కారులోంచి ఊడిన స్ప్రింగు తగిలింది. 2015లో అమెరికాలో జస్టిన్ విల్సన్ తలకి కారు ముక్క తగిలింది. మాసా ఒక్కడే బతికాడు. హేలో వెనక ఉన్నది ఈ పేర్లు.

ఒకటి మాత్రం ఇప్పటికీ నన్ను వదలదు. స్టీవార్ట్ తరం పోరాడి తెచ్చుకున్న ఇనుప రైలింగే గ్రోజాన్ కారుకింద చీలిపోయింది. 1975లో బార్సిలోనాలోని మోంజుయిక్‌లో రైలింగుల బోల్టులు వదులుగా ఉన్నాయని డ్రైవర్లు రేసులో దిగం అని మొండికేస్తే, టీమ్ మెకానిక్‌లే పానాలు పట్టుకుని వెళ్ళి బిగించారు. అయినా నమ్మకం కుదరని చాంపియన్ ఎమర్సన్ ఫిట్టిపాల్డి రేసు మొదట్లోనే కారు పక్కన పెట్టేశాడు. తర్వాత అదే రేసులో ఒక కారు రైలింగు దాటి జనంలో పడి ప్రాణాలు తీసింది.

బహ్రెయిన్‌లో వారం తిరిగేసరికి రెండో రేసు ఉంది. గ్రోజాన్ కారు గుద్దిన చోట రైలింగుని బాగుచేసి, దాని ముందు టైర్లు రెండు వరసలు పేర్చారు. ఆ ఫొటో మా వాడికి పంపాను, ఇంకా జవాబు రాలేదు.