ఫ్రిజ్‌లో కుతకుత

"రాత్రి అందరూ పడుకున్నాక మా ఫ్రిజ్‌లోంచి నీళ్లు మరిగినట్టు బుడబుడమని చప్పుడు వస్తోంది. మోటారు ఆగిపోయాక ఇంకా ఎక్కువగా వినిపిస్తోంది. గ్యాస్ లీకవుతోందా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఆమె చెవి సరిగ్గానే పట్టుకుంది. లోపల నిజంగానే మరుగుతోంది.

మరగడం అనగానే మనకు పొయ్యి గుర్తొస్తుంది. మన మాటలూ అలాంటివే: సలసల కాగడం, కుతకుత ఉడకడం. బళ్లో కూడా "నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది" అని చెప్పి వదిలేస్తాం. "మామూలు గాలి పీడనం దగ్గర" అన్న ముక్క ఎగిరిపోతుంది. ఫ్రిజ్ అర్థం కావడానికి కావలసింది ఆ ముక్కే! పాఠం చెప్పేవాళ్లు ఒక్క ప్రయోగం చేసి చూపిస్తే చాలు. సూది లేని సిరంజిలోకి సుమారు 60 డిగ్రీల వేడినీళ్లు కొంచెం తీసుకుని, గాలి బయటికి నెట్టేసి, మూతి గట్టిగా మూసి పిస్టన్‌ను వెనక్కి లాగాలి. (చెయ్యి కాలే వేడి కాబట్టి పెద్దవాళ్లే చేయాలి.) మంట లేకుండానే నీళ్లలో బుడగలు లేస్తాయి. వదిలేస్తే ఆగిపోతాయి, లాగితే మళ్లీ లేస్తాయి. వేడి పెంచినా మరుగుతుంది, మీద నొక్కే పీడనం తగ్గించినా మరుగుతుంది.

ఫ్రిజ్‌ది ఈ రెండో దారి. ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో ఉండే గ్యాస్ ఐసోబ్యూటేన్. మామూలు గాలి పీడనం దగ్గరే ఇది -11.7 డిగ్రీలకు మరుగుతుంది. ఆ పీడనాన్ని మూడింట రెండు వంతులకు దించితే -20 కంటే కిందనే మరుగుతుంది. అంత చలిలోనూ కుతకుతే! మరిగే ప్రతి గ్రాముకూ సుమారు 365 జూళ్ల వేడి కావాలి. పొయ్యి లేదు కదా, మరి ఆ వేడి ఎక్కడిది? ఫ్రీజర్ గోడలది, గోడల్ని తాకే గాలిది, ఆ గాలిలో మీరు పెట్టిన గిన్నెది. సున్నా డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము నీరు గడ్డకట్టాలంటే దాన్నుంచి 334 జూళ్లు లాగేయాలి. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. దారిలో పోయేది పక్కనపెడితే, ఇటు ఒక గ్రాము మరిగితే అటు దాదాపు ఒక గ్రాము ఐసు. ఈ లెక్క నాకు ఎన్నిసార్లు చూసినా అందంగానే ఉంటుంది.

ఆ పీడనాన్ని దించేది రాగితో చేసిన కేపిలరీ గొట్టం. పొడవు రెండు మూడు మీటర్లుంటుంది, లోపలి రంధ్రం మాత్రం మిల్లీమీటరు కన్నా సన్నం. కండెన్సర్‌లో (ఆవిరి తన వేడిని బయటికి వదిలి మళ్లీ ద్రవమయ్యే గొట్టాల్లో) గాలి పీడనానికి ఐదు రెట్ల ఒత్తిడితో ఉన్న ద్రవం ఈ ఇరుకు దారిలో దూరి, ఒత్తిడంతా పోగొట్టుకుని, చివర వెడల్పాటి గొట్టంలో పడగానే మరుగుతుంది. బుడబుడ అక్కడిదే. కేపిలరీకి మూత ఉండదు. కంప్రెసర్ (ఆవిరిని నొక్కి కండెన్సర్‌లోకి పంపే మోటారు పంపు) ఆగినా, మిగిలిన ద్రవం అటు జారుతూనే ఉంటుంది. మోటారు రొద లేదు కాబట్టి స్పష్టంగా వినిపిస్తుంది. ద్రవం అయిపోయాక సన్నగా స్స్‌మంటూ ఆవిరి పోతుంది. రెండు వైపులా పీడనం సమమయ్యాక అంతా నిశ్శబ్దం.

ఇలా సమం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోపు కరెంటు పోయి వెంటనే వస్తే, మామూలు కంప్రెసర్ ఆ ఒత్తిడికి ఎదురు తిరగలేక మూలుగుతుంది, టిక్‌మని ఆగిపోతుంది. అందుకే స్విచ్ కట్టేసి ఐదు నిమిషాలు ఆగి వేయమంటారు.

మిగతా చప్పుళ్లు చిన్నవే. రాత్రిపూట టప్‌మంటే ఇంట్లో ఏదో తిరుగుతోందని భయపడేవాళ్లున్నారు. చలికి ప్లాస్టిక్ ఉక్కుకన్నా ఐదారు రెట్లు ఎక్కువ కుంచించుకుంటుంది, ఆ లాగుడుకే టప్. సుయ్‌మంటే పేరుకున్న ఐసును కరిగించే డీఫ్రాస్ట్ హీటర్ మీద నీటిబొట్టు పడిందని. చప్పుళ్ల మాటకొస్తే, కదిలే భాగాల్లేని ఫ్రిజ్‌కు భౌతిక శాస్త్రవేత్తలు ఐన్‌స్టీన్, లియో సిలార్డ్ 1930లో అమెరికాలో పేటెంటు పొందారు. వాళ్లదే ఇంకో నమూనాలో ద్రవ లోహాన్ని అయస్కాంత క్షేత్రంతో తోసే పంపు ఉండేది. దాని రొదే పెద్ద సమస్యయింది.

ఇక జాగ్రత్తలు. ఫ్రీజర్‌లో పేరుకున్న ఐసును కత్తితో పొడవద్దు. పలచటి రేకు వెనకే ఆ మరిగే గొట్టం ఉంటుంది. చిల్లు పడితే బయటికొచ్చే ఐసోబ్యూటేన్ మండే వాయువు. స్విచ్ తీసేసి, తలుపు తెరిచి, కరగనివ్వండి. కండెన్సర్ వెనక బయటికి కనిపించే మోడల్ అయితే అప్పుడప్పుడు ప్లగ్గు తీసి దుమ్ము దులపండి. వేడి బయటికి పోకపోతే అక్కడ ఒత్తిడి పెరిగి కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగండి, తేలిగ్గా జారి వచ్చేస్తే రబ్బరు పట్టు తప్పినట్టు. లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో -18 ఉంటే చాలు.

లీకు సంగతికొస్తే, గ్యాస్ తగ్గిన ఫ్రిజ్ లోపల చల్లబడదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. మీ మోటారు ఆగుతోందన్నారు. లోపల చల్లగానే ఉంటే, చలి సరిపోయింది కాబట్టే ఆగింది.