పాత పికప్పా, పాత చిన్న ఎస్‌యూవీయా? అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడలో మా షెడ్డుకి సెకండ్ హ్యాండ్ బండి చూపించడానికి వచ్చేవాళ్లు తరచూ అడిగేది ఒకటే: "అన్నా, పాత బొలెరో పికప్ ఒకటి ఉంది, పాత బ్రెజా ఒకటి ఉంది. మన కొండదారికి ఏది మేలు?" వారానికి ఎన్ని రోజులు బరువు వేస్తావు అని నేను తిరిగి అడుగుతాను. దానికి జవాబు లేకుండా బండి చూడటం దండగ.

అపోహ: పికప్ మొరటు బండి, ఘాట్‌లో అదే క్షేమం.

లోడు ఉన్నప్పుడు నిజమే. వెనక కమాన్ కట్టలు (బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు) టన్ను పైబడిన బరువుకి తయారైనవి. ఖాళీగా ఉంటే అవి వంగవు, బండి గంతులేస్తుంది. ఇంజన్ బరువు ముందుంటుంది, బండిని తోసేవి వెనక చక్రాలు. వాటిమీద బరువు లేకపోతే పట్టు ఎక్కడిది? వానలో లక్ష్మీపూర్ ఘాట్ దిగుతూ వంపులో బ్రేకు గట్టిగా తొక్కితే వెనక భాగం పక్కకి జారిపోతుంది. సంతలో సరుకు దింపేసి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడే భయపడాలి. చిన్న గేరులో దిగండి. డీజిల్ ఆదా అని న్యూట్రల్ వెయ్యకండి, దండం పెడతాను.

అపోహ: ఎస్‌యూవీ అంటే నాలుగు చక్రాలూ లాగుతాయి.

బ్రెజాలో లాగేవి ముందు చక్రాలే. గ్రౌండ్ క్లియరెన్స్ 198 మిల్లీమీటర్లు కాబట్టి గుంతలు బాగానే దాటుతుంది. కానీ డిక్కీలో బస్తాలు వేసి ఎర్రమట్టి బురదలో ఎత్తు ఎక్కిస్తే బరువు వెనక్కి పోయి, ముందు చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి.

అపోహ: మీటరులో కిలోమీటర్లు తక్కువుంటే చాలు.

మీటరు వదిలేసి కిందకి దూరండి. పికప్ కమాన్ కట్టలో అదనంగా పట్టీ వేయించారంటే ఓవర్‌లోడ్‌తో తిరిగిన బండి. ఛాసిస్ మీద ఒక్కచోటే కొత్త నల్లరంగు కనిపిస్తే గోకి చూడండి. ఒకసారి నేను గోకకుండానే ఒకాయనకి "తీసుకో" అన్నాను. రంగు కింద వెల్డింగ్ చేసిన పగులు తర్వాత బయటపడింది. ఆయన డబ్బు నావల్లే పోయిందన్న బాధ ఇప్పటికీ ఉంది. కారుకైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలించండి. టక్‌టక్‌మంటే యాక్సిల్ జాయింట్ అరిగినట్టే.

అపోహ: కాగితాల పని రెండింటికీ ఒకటే.

కాదు. పికప్ గూడ్స్ బండి. ఎనిమిదేళ్ల వయసు దాటాక ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి ఉంటుంది. ఆంధ్రాలోని పార్వతీపురంలో చవగ్గా దొరికిందని తెస్తే ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే 'అభ్యంతరం లేదు' పత్రం) కావాలి. 12 నెలలకి మించి ఇక్కడే తిప్పాలంటే ఓడీ-18, అంటే రాయగడ నంబరు తీసుకోవాలి. దానికి ఇక్కడ కట్టాల్సిన ట్యాక్స్ కూడా ధరలో కలిపి బేరమాడండి.

అపోహ: పికప్ కొంటే సరుకుకీ, ఇంటిల్లిపాదికీ ఒకటే బండి.

నాకు నిజంగా కోపం తెప్పించే మాట ఇది. మజ్జిగౌరమ్మ గుడికి పిల్లల్నీ ముసలివాళ్లనీ వెనక ట్రేలో కూర్చోబెట్టి తెస్తారు. అక్కడ సీటు లేదు, బెల్టు లేదు. గూడ్స్ బండిలో ప్రయాణికుల్ని ఎక్కించడం చట్టరీత్యా తప్పు. ఏదైనా జరిగితే వాళ్లకి ఆ ఇన్సూరెన్స్ అక్కరకి రాదు. నెలకి రెండు ట్రిప్పుల జీడిపిక్కల కోసమే అయితే కారు కొనుక్కోండి, ఆ రెండు రోజులకీ పికప్ కిరాయికి తెచ్చుకోండి.