బగ్ అంటే పురుగేనా? అనువాదంలో అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిష్‌లో ‘బగ్’ కనబడగానే తెలుగులో ‘పురుగు’ అని రాసేయడం చాలామందికి అలవాటు. కొన్నిచోట్ల దాంతో పెద్ద నష్టమేమీ లేదు. పంట సలహాలోనో, మందుల కరపత్రంలోనో ఆ తప్పు పడితే మాత్రం చదివినవాళ్ల డబ్బు, ఆరోగ్యం పోతాయి.

అపోహ: ఏ పురుగైనా బగ్గే.

మాటల్లో ఇంగ్లిష్ వాళ్లూ అలాగే వాడతారు. కీటకశాస్త్రంలో మాత్రం హెమిప్టెరా వర్గానివే బగ్స్. వాటికి నమిలే దవడలుండవు, సూదిలాంటి ముక్కు గుచ్చి రసం పీలుస్తాయి. మంచంలో నల్లి ఈ వర్గమే. పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ, వరిలో సుడిదోమ కూడా ఇదే వర్గం. పేరులో దోమ ఉన్నా అవి దోమలు కావు. లేడీబగ్ మాత్రం బగ్ కాదు, పెంకు పురుగు. మన రైతులు అక్షింతల పురుగు అనేది దీన్నే. పేనుబంకను తిని మేలు చేసే ఈ పురుగును ‘ఆడ నల్లి’ అని రాస్తే మిత్రపురుగును శత్రువుల జాబితాలో చేర్చినట్టే.

స్పెల్లింగ్‌లో ఒక ఆనవాలుంది. బెడ్ బగ్, స్టింక్ బగ్ లాంటి అసలైన బగ్‌ల పేర్లను శాస్త్రజ్ఞులు రెండు మాటలుగా విడదీసి రాస్తారు, లేడీబగ్‌ను కలిపి రాస్తారు. మీలీబగ్‌ను, అంటే పిండినల్లిని, కలిపే రాసినా అది హెమిప్టెరాదే. అందుకని స్పెల్లింగ్ ఒక్కదాన్నే నమ్మకూడదు.

అపోహ: ‘పురుగు’ కాకపోతే ‘నల్లి’ అని రాస్తే సరిపోతుంది.

అసలు చిక్కంతా ఇక్కడే. తెలుగులో నల్లి అనే మాట బగ్‌కీ వాడతాం, మైట్‌కీ వాడతాం. మైట్ కీటకమే కాదు. ఎనిమిది కాళ్లతో సాలీడు కుటుంబానికి దగ్గరది. వరిలో కంపునల్లి, కంకినల్లి చూడండి, పేర్లలో ఒక్క అక్షరమే తేడా. కంపునల్లి బగ్. సన్నగా, పొడుగ్గా, కంటికి స్పష్టంగా కనబడుతుంది, కదిలిస్తే కంపు కొడుతుంది, పాలుపోసుకునే గింజల్లో రసం పీలుస్తుంది. కంకినల్లి మైట్. ఆకుతొడుగు లోపల దాక్కుంటుంది, భూతద్దం లేకుండా దొరకదు. రెండింటివల్లా తాలు గింజలే వస్తాయి. చాలా పురుగుమందులు మైట్‌లను చంపవు. పైగా సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొడితే మైట్‌లను తినే మిత్రజీవులు చచ్చి, కంకినల్లి ఇంకా పెరగవచ్చు. అందుకే వ్యవసాయ పాఠంలో ఇంగ్లిష్ పేరుతోపాటు శాస్త్రీయ నామం కూడా సరిచూసుకున్నాకే తెలుగు పేరు రాయాలి. అచ్చుకు పంపేముందు ‘పు’, ‘కి’ మరోసారి చూడాలి.

అపోహ: స్టమక్ బగ్ అంటే కడుపులో పురుగులు.

కాదు. వాంతులు, విరేచనాలు తెచ్చే ఇన్‌ఫెక్షన్‌ను మాటల్లో అలా అంటారు. అది ఎక్కువగా వైరస్ వల్ల వస్తుంది, కొన్నిసార్లు బ్యాక్టీరియా వల్ల. ‘కడుపులో పురుగులు’ అని రాస్తే ఇంట్లోవాళ్లు నులిపురుగుల మాత్ర వేస్తారు. అప్పుడు కావలసింది ఓఆర్‌ఎస్. సూపర్‌బగ్ కూడా మహాపురుగు కాదు, యాంటీబయాటిక్స్‌కు లొంగని సూక్ష్మక్రిమి.

అపోహ: కంప్యూటర్‌లో చిమ్మట దొరికాకే లోపానికి బగ్ అనే పేరొచ్చింది.

చిమ్మట దొరకడం నిజమే. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 అనే తొలినాటి కంప్యూటర్‌లో, ఎఫ్ ప్యానెల్ 70వ రిలేలో (కరెంటుతో పనిచేసే స్విచ్) అది కనబడింది. దాన్ని లాగ్‌బుక్‌లో టేపుతో అంటించి, ‘నిజంగా బగ్ దొరికిన మొదటి సందర్భం’ అనే అర్థంలో రాశారు. ఆ ‘నిజంగా’ అన్న మాటను గమనించండి: లోపాన్ని బగ్ అనడం అప్పటికే వాడుకలో ఉండబట్టే ఆ చమత్కారం పండింది. థామస్ ఎడిసన్ 1878లో రాసిన ఉత్తరంలోనే పరికరాల్లోని చిన్నచిన్న లోపాలను బగ్స్ అన్నాడు. ఆ లాగ్‌బుక్ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది. సాఫ్ట్‌వేర్ పాఠంలో ‘బగ్’ అనో, ‘లోపం’ అనో రాయండి. ‘వైరస్’ అని మాత్రం వద్దు. వైరస్ ఎవరో కావాలని రాసేది, బగ్ పొరపాటున దొర్లేది.

రహస్యంగా పెట్టిన మైకూ బగ్గే. క్రియగా వాడితే విసిగించడం.

పాత ఇంగ్లిష్ పాఠాల్లో మరో అర్థం ఎదురవుతుంది. 1535 నాటి కవర్డేల్ బైబిల్ 91వ కీర్తనలో రాత్రిపూట భయపడనక్కర్లేనివి ‘బగ్స్’. అక్కడ పురుగులూ లేవు, నల్లులూ లేవు; దయ్యాలు, భయపెట్టే శక్తులు అని అర్థం. బగ్‌బేర్ అనే మాటలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. దానికి మన దగ్గర చక్కగా సరిపోయే మాట ‘బూచి’.